పెరిగిన ఐదు కిలోలు

కాంటా ఎక్కమంటే యమున ఎక్కలేదు.

మట్టెవాడ బజారులో బెల్లం దుకాణం అది. మేడారం జాతర ఇంకా నాలుగు నెలలుంది. అయినా మొక్కున్నవాళ్లు అప్పుడే వరస కట్టారు. మనిషిని కాంటా మీద నిలబెట్టి, ఎంత తూగితే అంత బెల్లం తూచి, దాన్ని బంగారమని పిలుచుకుని సమ్మక్క తల్లికి ఇచ్చుకుంటారు. నిలువెత్తు బంగారం. యమున తల్లి సమ్మమ్మ కూతురి పేరున ఆ మొక్కే మొక్కింది.

కాంటా నేలకు జానెడు ఎత్తులో ఉంది. చిన్నపిల్లలు ఎక్కి దిగుతున్నారు. యమున మాత్రం దాని ముందు నిలబడి లెక్కలు వేస్తోంది. కుడికాలు ముందు పైన పెడితే ఆ క్షణం ఒళ్లంతా ఎడమ మోకాలి మీద పడుతుంది. ఎడమకాలు ముందు పెడితే ఆ మోకాలే ఒళ్లంతటినీ పైకి లాగాలి. ఎటు చూసినా ఎడమ మోకాలే అడ్డొస్తోంది.

కాంటా పక్కన నిలబడ్డ కుర్రాడికి ఈ లెక్కలేవీ తెలియవు. పేరు శేఖర్. దుకాణం యజమాని రాయమల్లు కొడుకు. పొద్దుటి నుంచి మనుషుల్ని తూచి తూచి నోటికి హుషారొచ్చి ఉంది.

"సిగ్గుపడకుండ్రి మేడం. తల్లి కాడ బరువు దాసుకుంటె ఎట్ల?"

"సిగ్గు కాదు."

"మరేంది? నిన్న ఒకామె చెప్పులు, గొలుసు, నెత్తిల క్లిప్పు సుత తీసి ఎక్కింది. అద్దకిలో తగ్గుతదని."

వెనక వరసలో ఆడవాళ్లు నవ్వారు. యమునకు చెవులు కాలాయి. కోపం భయం కంటే ఒక అడుగు ముందుంటుంది కాబోలు, ఆ ఊపులో కుడికాలు పైకి వేసేసింది. ఎడమ మోకాలు వణికింది. పడిపోతున్నానని పక్కనున్న స్తంభాన్ని గట్టిగా పట్టుకుంది.

స్తంభం మాట్లాడింది.

"నలభై నాలుగు. మేడం, మీ బరువుల జర నా మీద ఉన్నది. భుజం ఇడిస్తే లెక్క తేలుతది."

చప్పున చెయ్యి తీసేసింది. అంకెలు ఊగి ఊగి నిలబడటానికి నాలుగు సెకన్లు పట్టింది. ఆ నాలుగు సెకన్లూ ఆమె ఊపిరి తీసుకోలేదు.

"యాభై ఒకటి," అని శేఖర్ లోపలికి కేకేశాడు. బజారంతా విన్నది.

"మైకు పెట్టకపోయిన్రా, హన్మకొండ దాకా వినవడేది," అంది యమున, దిగడానికి తల్లి చెయ్యి వెతుక్కుంటూ.

నాటుసారా కాయడానికి పోతుందని ఈ కాలంలో బెల్లం కొనాలంటే ఆధార్ కార్డు చూపించాలి. కార్డు జిరాక్స్ తీయించేలోగా సమ్మమ్మ కథంతా శేఖర్‌కి చెప్పేసింది. ఆమెకు దాపరికం చేతకాదు. భర్త పోయాక ఇంట్లో జాకెట్లు కుట్టి ఒక్కగానొక్క బిడ్డను చదివించింది. బిడ్డకు మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగమొచ్చింది. "పోయినేడాది వానకాలంల డ్యూటీ నుంచి వస్తాంటె స్కూటీ జారింది బిడ్డా. మోకాల్ల లిగమెంట్ తెగింది. దవాఖానల ఆపరేషన్ చేసిండ్రు. డాక్టరేమో అంత మంచిగైందంటడు. ఇదేమో గోడ పట్టుకోకుంట నడవది. తన కాళ్ల మీద తాను నడుచుకుంట మేడారం గద్దె కాడికొస్తే నిలువెత్తు బంగారమిస్తనని తల్లికి మొక్కిన."

శేఖర్ హుషారు దిగిపోయింది. యమున దగ్గరికొచ్చాడు.

"తెల్వక అన్న మేడం. మాఫ్ చెయ్యిండ్రి."

"తెలిస్తే ఏమనేటోళ్లు? అయ్యో పాపం అనేటోళ్లు. దానికంటే ఇదే నయం."

అప్పుడే దుకాణం పక్క మెట్ల మీదనుంచి ఒకామె దిగివచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. ట్రాక్ ప్యాంటు, మెడలో ఈల, మనిషి బండరాయిలా గట్టిగా ఉంది. బెల్లం గోదాము పైన ఆడవాళ్ల జిమ్ నడిపే వినోద. ఒకప్పుడు వెయిట్‌లిఫ్టింగ్‌లో పతకాలు గెలిచిన మనిషి. యమున కాంటా దిగిన తీరు ఆమె మెట్ల మీదనుంచే చూసింది.

"నీ కాలు మంచిగనే ఉన్నది," అంది వినోద. "దాని మీద నీకు నమ్మకం లేదు. పొద్దుగాల ఆరింటికి రా."

"నేను జిమ్‌కు రాలేను మేడం."

"అక్క అను. ఇరవై రెండు మెట్లున్నయ్. రేపు అవి ఎక్కి దిగు చాలు. జిమ్ సంగతి తర్వాత సూద్దాం."

*

ఆ ఇరవై రెండు మెట్లు ఎక్కడానికి మొదటిరోజు యమునకు తొమ్మిది నిమిషాలు పట్టింది. పైకి చేరేసరికి చెమటతో చున్నీ తడిసింది. అలసట వల్ల కాదు. ప్రతి మెట్టు దగ్గరా మోకాలు మడతపడి కిందికి దొర్లిపోతున్నట్టు కళ్లకు కట్టేది. పాము కరిచినవాడికి తాడు చూసినా భయమే అంటారు కదా, యమునకు తాడూ పామూ రెండూ తన ఒంట్లోనే ఉన్నాయి. పారిపోదామంటే ఎక్కడికి పారిపోతుంది?

వినోద తొందరపెట్టలేదు. మొదటి వారం నాలుగు అంగుళాల చెక్క పెట్టె ఎక్కి దిగడం. తర్వాత చేతిలో నాలుగు కిలోల బరువు పట్టుకుని కుర్చీలో కూర్చున్నట్టు వంగి లేవడం. ఆ తర్వాత నేల మీది ఇనుప కడ్డీని వంగి పట్టుకుని నిటారుగా నిలబడటం. దాన్ని డెడ్‌లిఫ్ట్ అంటారని విన్నప్పుడు యమునకు పేరే నచ్చలేదు.

"పేరు ఎవడు పెట్టిండో గానీ అక్కా, ముందుగాలనే బెదిరిస్తాండు."

"మడమలు నేలకు అంటియ్యి. ఊపిరి బిగవట్టు. నడుముతోని కాదు, కాళ్లతోని లే. బెదిరిచ్చేటోనికి జవాబు గదే."

కిందికి దిగేసరికి శేఖర్ బెల్లం ముద్దల మీద గోనె పట్టా కప్పుతూ ఉండేవాడు. రోజూ ఏదో ఒకటి అనకపోతే అతనికి తోచదు.

"ఇయ్యాల ఎన్ని నిమిషాలు?"

"మూడు."

"ఎక్స్‌ప్రెస్ ఐపోయినవ్. ఇగ మధ్యల స్టాపులు లేవన్నట్టు."

"స్టాపులుండేవి నీ మొఖం సూడనీకి కాదులే."

"నేనెప్పుడన్న?"

మేడం ఎప్పుడు పోయిందో, మీరు ఎప్పుడు నువ్వయిందో ఇద్దరికీ తెలియదు. ఒకటి మాత్రం యమున గమనించింది. దుకాణానికి వచ్చే ఆడవాళ్లందరినీ అతను చిన్నమ్మా అనే పిలుస్తాడు. సమ్మమ్మనీ మొదట్లో అలాగే పిలిచాడు. దీపావళి దాటాక ఒకరోజు ఆమెను చూసి, "అత్తమ్మా, మంచిగున్నవా?" అన్నాడు. సమ్మమ్మకు పట్టలేదు. యమునకు మాత్రం ఆ రోజు ఆఫీసులో రెండుసార్లు పాస్‌వర్డ్ తప్పు పడింది. చిన్నమ్మ కూతురైతే చెల్లెలవుతుంది. అత్తమ్మ కూతురైతే ఏమవుతుందో ఓరుగల్లులో ఎవరికీ చెప్పక్కర్లేదు.

మరో సంగతి వినోద చెప్పింది.

"నువ్వు బరువు కిందవెట్టిన చప్పుడైతే చాలు, కింద వాడు లేసి నిలవడుతడు తెలుసా? మల్ల నువ్వు నడిచిన అలికిడి ఇనవడినంకనే కూసుంటడు."

"ఎందుకక్కా?"

"వాళ్ల నాయన రాయమల్లు మామ ముందుగాల హమాలీ. బస్తా లేపుతాంటె నడుము పోయింది. అప్పుడు వీనికి పదేండ్లు, పక్కన్నే ఉన్నడు. అప్పటిసంది ఎవరు బరువు లేపినా వీనికి గుండె దడ."

అన్ని పరాచికాలాడే మనిషి లోపల అంత దడ ఉందని యమున అనుకోలేదు. అప్పటి నుంచి బరువు కింద పెట్టేటప్పుడు చప్పుడు కాకుండా పెట్టడం మొదలుపెట్టింది.

*

డిసెంబరు నడుమ ఒక పొద్దున రెండు జరిగాయి.

ఒకటి, యమున వంగి లేస్తుంటే ఎడమ మోకాలిలో టక్ మంది.

నొప్పి లేదు. వాపు లేదు. వినోద మోకాలు వంచి చూసి, అటూ ఇటూ నొక్కి, "ఏం కాలే. నొప్పి లేని చప్పుడుకు భయపడొద్దు, నా మోకాళ్లు దినమంత టకటక అంటయ్. ఐనా నీ మనసుకు నిమ్మళం కావాల్నంటే డాక్టర్‌కు సూపియ్యి," అంది. మర్నాడు డాక్టరూ అదే మాట చెప్పాడు. కానీ ఆ టక్ యమునకు వాన రోడ్డు మీద విన్న శబ్దమే. ఒళ్లు చల్లబడిపోయింది. మెట్లు దిగేటప్పుడు ఎన్నో వారాల తర్వాత గోడ పట్టుకుంది.

రెండు, ఆ రోజు జిమ్‌లో బరువు చూసుకుంటే యాభై ఆరు.

"కండ వట్టింది," అని వినోద సంతోషపడింది. ఇంటికెళ్లి ఆ మాట చెబితే తల్లి ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"యాభై ఆరా? బెల్లం ముడుపు కట్టింది యాభై ఒకటి కదనే."

"ఐతే ఇంకో ఐదు కిలోలు కొందాం."

"పసుపు కుంకుమ వెట్టి కట్టిన ముడుపు ఇప్పుతరా ఎవలన్న? అందుల కలుపుతరా? నీ తూకం ఇంత అని తల్లికి చెప్పుకున్న. ఐదు కిలోలు తక్కువిస్తే నిలువెత్తు ఎట్లైతది? సగం మొక్కు తీర్సుకుంటే తల్లి ఊకుంటదా? మల్ల కాలుకే ఏమన్నైతే?"

చివరి మాట అనేసి సమ్మమ్మ తనే ఉలిక్కిపడి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత తీర్పు చెప్పింది. జాతర దాకా జిమ్ బంద్. ఒక్కపొద్దులు ఉండాలి, రోజుకు ఒక్కపూటే తిండి. మళ్లీ యాభై ఒకటికి రావాలి.

చదువుకున్న పిల్ల, ఇంజనీరు, తల్లి మాటకు నవ్వి ఊరుకోవాలి కదా? నవ్వలేదు. సరే అంది. నిజం చెప్పాలంటే అలా అన్నది తల్లి మీది గౌరవంతో కాదు. ఆ టక్ శబ్దం విన్నప్పటినుంచి ఆమె ఒక సాకు కోసం చూస్తోంది. అది దేవుడి పేరున ఇంటికే వచ్చింది.

శేఖర్ మెసేజ్‌లు పెట్టాడు. ఒంట్లో బాగాలేదా, ఊరెళ్లావా, కోపమొచ్చిందా. యమున దేనికీ జవాబివ్వలేదు. ఏం రాయాలి? మీ మెట్లంటే మళ్లీ భయమేస్తోందని రాయాలా?

*

నెలాఖరున ముసురు పట్టింది. సాయంత్రం అయిదింటికి మడికొండ బస్‌స్టాప్‌లో యమున నిలబడి ఉంది. రోడ్డు తడిసి నల్లగా మెరుస్తోంది. బస్సు మెట్టు ఎత్తుగా ఉంది, అదీ తడిగా ఉంది. పొద్దున వర్షం లేనప్పుడు ఎలాగో ఎక్కి వచ్చింది. ఇప్పుడు పాదం లేవడం లేదు.

"మూడు బస్సులు పోయినయ్," అన్న మాట వినపడి తిరిగి చూసింది. శేఖర్. మిఠాయి దుకాణానికి బెల్లం వేసి వస్తున్నాడు, ట్రాలీ ఆటో రోడ్డవతల ఆగి ఉంది.

"సూస్తనే ఉన్నవా?"

"నాలుగోదన్న ఎక్కుతవేమోనని సూస్తాన."

"రష్ ఉంది."

"మూడో బస్సు ఖాళీగ పోయింది యమునా."

ఆమె తల తిప్పుకుంది. షెడ్డు అంచు నుంచి నీళ్లు కారి ఇద్దరి మధ్యా పడుతున్నాయి.

"తిన్నవా?"

"ఒక్కపొద్దు."

"ఎన్ని దినాల సంది?"

"పన్నెండు. యాభై మూడుకొచ్చిన." గొప్పగా చెబుదామనుకుంది. సంజాయిషీలా వచ్చింది. ముడుపు సంగతి, అమ్మ తీర్పు సంగతి చెప్పింది. శేఖర్ నవ్వుతాడేమో అనుకుంది. నవ్వలేదు.

"తగ్గిన మూడు కిలోలు ఏడికెళ్లి పోయినయో తెలుసా? మూడు నెలలు నువ్వు మెట్లెక్కి తెచ్చుకున్నదానికెళ్లే పోయినయ్."

"మోకాల్ల చప్పుడొచ్చింది శేఖర్. నీకేం తెల్వది."

"తెలుసు. ఆ దినం మల్ల గోడ పట్టుకొని దిగినవ్."

శేఖర్ రోడ్డు వైపు చూస్తూ మాట్లాడాడు.

"నీకో మాట చెప్త. తిడితే తిట్టు. నువ్వు జిమ్ బంద్ చేసినవని వినోదక్క చెప్తే నాకు సంబురమైంది. మా నాయన నడుము పోయిన దినం నా కండ్లల్లనే ఉన్నది. పైన నువ్వు ఇనుము లేపుతాంటె కింద నా పాణం నా దగ్గర ఉండేది కాదు. బంద్ చేసిందట, ఇగ బతికినం అనుకున్న. రెండు దినాలు సంబురంగనే ఉన్న. మూడో దినం నువ్వు మన బజార్ల పోతాంటె చూసిన. మురికి మోరీ మీది రాయి దాటనీకి ఎవరో ముసలామె చెయ్యి పట్టుకున్నవ్. అప్పుడు నా మీద నాకే రోతవుట్టింది."

"నా గురించి నీకెందుకంత భయం?"

"ఎందుకో తెల్వదా?"

తెలుసు. దీపావళి దాటినప్పటి నుంచి తెలుసు. యమునకు ఏడుపొచ్చింది, దాంతోపాటే ఎక్కడో ఒక మూల ఆనందమూ కలిగింది. ఒకేసారి రెండూ రావడం ఆమెకు కొత్త.

"మరి నా కాలుకు మల్ల ఏమన్నైతే? మోస్తవా?"

"మోస్తనంటే సినిమా డైలాగైతది. నీ కాలు నువ్వే మొయ్యాలె. నేనైతే పక్కన నడుస్త. భయపడుకుంటనే నడుస్త."

నాలుగో బస్సు వచ్చి ఆగింది. యమున తడి మెట్టు వైపు చూసింది.

"చెయ్యియ్యవా?"

"అడిగితే ఇస్త."

"అడగను," అని కడ్డీ పట్టుకుంది. ఎడమకాలు పైన పెట్టింది. మోకాలు వణికింది, వణుకుతూనే లేపింది. కండక్టర్ విసుక్కున్నాడు. వెనక శేఖర్ బస్సు కదిలేదాకా నిలబడే ఉన్నాడు.

*

ఇంటికి రాగానే యమున వెళ్లి తల్లి కుట్టు మిషన్ పక్కన కూర్చుంది.

"అమ్మా, నువ్వు తల్లికి ఏమని మొక్కినవ్?"

"నీకు తెల్వదా? నా బిడ్డ తన కాళ్ల మీద తాను నడుచుకుంట వస్తే నిలువెత్తు బంగారమిస్తనని."

"యాభై ఒకటి ఉన్నప్పుడు నేను నడవలేదమ్మా. నీ చెయ్యి పట్టుకొని ఈడ్సుకుంట వచ్చిన. నడిచింది యాభై ఆరు ఉన్నప్పుడు."

సమ్మమ్మ మిషన్ ఆపింది. గుడ్డ మీద చేతులు అలాగే ఉన్నాయి.

"నాకు బెల్లం గురించి కాదే," అంది. "మీ నాయన పొద్దుగాల మంచిగ తిని పోయిండు. పగటీలికి ఫోనొచ్చింది. నువ్వు పడ్డనాడు గట్లనే ఫోనొచ్చింది. నువ్వు జిమ్‌కు పోయిన ప్రతి దినం, వచ్చేదాక ఆ ఫోన్ దిక్కే సూసుకుంట కూసుంట. ఇంట్ల ఉంటే నా కండ్ల ముందర ఉంటవు కదా అని."

యమున తల్లి ఒళ్లో తల పెట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు. తర్వాత ఆ ఒక్కపొద్దు నాడే ఇద్దరూ కలిసి రెండోసారి అన్నం తిన్నారు.

మర్నాడు ఇద్దరూ దుకాణానికి వెళ్లారు. రాయమల్లు నడుముకు బెల్టు కట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. సందేహం విని పగలబడి నవ్వబోయి, నడుము కలుక్కుమంటే ఆపుకున్నాడు.

"గిదేం ముచ్చట చెల్లె? చంటిపిల్లలకు మొక్కుతరు, జాతర రెండేండ్లకు వస్తది. అప్పటిదాక పిల్ల పెరగకుంట ఉంటదా? పెరిగినకాడికి ఇస్తరు. ముడుపు ఇప్పకు. పెరిగిన ఐదు కిలోలు ఏరే ముద్ద తీసుకపో."

"అది నేను మోస్త, నా నెత్తి మీద," అంది యమున.

గోదాములో ముద్దలు సర్దుతున్న శేఖర్ తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

*

జనం తక్కువుంటారని జాతరకు మూడు రోజుల ముందే బయలుదేరారు. నెల రోజుల తిండితో, వినోద దగ్గరి కసరత్తుతో యమున మళ్లీ యాభై ఆరుకు వచ్చింది. శేఖర్ ట్రాలీ నడిపాడు. మేడారం చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. తక్కువేమిటి, ఇసుక వేస్తే రాలనంత జనం. బండిని రెండు కిలోమీటర్ల అవతలే ఆపించారు.

ముడుపును ఇంకో భక్తుడి సాయంతో కావడికి కట్టుకుని శేఖర్ మగవాళ్ల వరసలో ముందు వెళ్లాడు. ఐదు కిలోల ముద్ద నెత్తిన పెట్టుకుని, ఒక చెయ్యి దాని మీద, ఒక చెయ్యి తల్లి భుజం మీద వేసి యమున ఆడవాళ్ల వరసలో నడిచింది. గద్దెలు దగ్గరవుతున్న కొద్దీ నేల జిగటయింది. తొక్కిన బెల్లం, కొబ్బరినీళ్లు, పసుపు. ప్రతి అడుగూ జారుతోంది. డప్పులు, పూనకాల కేకలు. ఇక్కడ పడితే లేపేవాళ్లుండరు. తొక్కుకుంటూ పోతారు. వెనక్కి పోదామన్నా దారి లేదు.

"అమ్మా, నన్ను పట్టుకో."

సమ్మమ్మ పట్టుకునేలోపే వెనకనుంచి జనం ఒక్కసారిగా మీదికి ఒరిగారు. ఆమె పాదం జారింది. కెవ్వుమని ముందుకు తూలి, మోకాళ్ల మీద పడి, మనుషుల కాళ్ల మధ్యకు పోయింది.

యమున నెత్తి మీది ముద్ద వదిలేసింది.

వెనకవాళ్ల తోపుడు వీపుకు తగులుతుండగా ఎడమకాలు ముందుకు వేసింది. మడమలు నేలకు అంటించింది. వంగి, తల్లి చంకల కింద రెండు చేతులూ పోనిచ్చి, ఊపిరి బిగబట్టి లేచింది. సమ్మమ్మ అరవై కిలోలకు తక్కువుండదు. కడ్డీలా బుద్ధిగా ఉండే బరువు కాదు, పెనుగులాడే బరువు. మోకాలు భగ్గున మండింది. అయినా బరువుకు ఆగింది. తల్లిని నిలబెట్టి, తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, జనం సర్దుకునేదాకా యమున కదల్లేదు.

తర్వాత మొదలైంది వణుకు. పళ్లు టకటక కొట్టుకున్నాయి. కానీ కాలు నిలబడే ఉంది.

కింద బెల్లం ముద్ద ముక్కలైంది. వెనకొచ్చే ఆడవాళ్లు వంగి ఏరుకుని, కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంటున్నారు.

"అమ్మా, ఐదు కిలోలు పోయినయ్."

సమ్మమ్మ కింద చూడలేదు. కూతురి ముఖం తడిమి, భుజాలు తడిమి, వంగి ఆ ఎడమ మోకాలు తడిమింది. గద్దె దగ్గరికి చేరాక కొంగు పట్టుకుని మామూలుగా మాట్లాడినట్టే మాట్లాడింది.

"తల్లీ, ముడుపు వచ్చింది. పెరిగిన ఐదు కిలోలు తొవ్వల పడ్డయ్. నేను వడితె నన్ను లేపి నా బిడ్డ నిలవడ్డది. నువ్వు సూసినవు కదా. ఇగ లెక్క నువ్వే సూసుకో."

*

బయటికొచ్చాక శేఖర్ కనిపించాడు. వరసల మధ్య బారికేడ్ అవతలి నుంచి అంతా చూశాడు. ముడుపు గద్దెకు చేర్చి వచ్చి, చింతచెట్టు మొదట్లో కూలబడ్డాడు. ముఖం పాలిపోయి ఉంది.

"రాలేకపోయిన," అన్నాడు. "బారికేడ్ దాటనియ్యలే. అరిసిన. నీకు ఇనవడలే. నువ్వు వంగినవ్ కదా, ఇగ ఐపోయింది అనుకున్న. కాళ్లు పోయినయ్ నాకు. లేస్తాలేను."

యమున అతని ఎదురుగా నిలబడింది.

"నాకూ భయమైంది. ఇప్పుడు సుత ఐతాంది, సూడు," అని వణుకుతున్న చెయ్యి చూపించింది. "ఇది పోదేమో శేఖర్. నీది సుత పోదు. ఇద్దరం గిట్లనే భయపడుకుంట కలిసి ఉందామా? నాకైతే నీతోని ఉండాలనున్నది. నువ్వడుగుతవని సూసి సూసి నేనే అడుగుతాన."

శేఖర్ తలూపాడు. అది చాలదేమోనని ఇంకోసారి ఊపాడు. చివరికి, "ఉందాం," అన్నాడు.

సమ్మమ్మ రెండడుగుల దూరంలో కొబ్బరిచిప్ప సంచిలో పెట్టుకుంటోంది. తల ఎత్తకుండానే అంది.

"ఆదివారం మీ నాయనను ఇంటికి తోలుకరా బిడ్డా. కుర్చీల కూసునుడు కష్టమైతే మంచం ఏస్త, ఒరిగి మాట్లాడొచ్చు. ఇగ లెవ్వు. పొద్దు వాలుతాంది."

లేవబోయాడు. కాళ్లు నిజంగానే సహకరించలేదు. యమున రెండు చేతులూ ముందుకు చాచింది. అతను మొహమాటపడ్డాడు.

"నేను డెబ్బై రెండున్న."

"పట్టుకో," అంది.

ఎడమకాలు ముందుకు వేసి అతన్ని లేపి నిలబెట్టింది. లేచాక కూడా ఇద్దరూ చేతులు వదల్లేదు. బండి దాకా ఇంకా రెండు కిలోమీటర్లుంది. సమ్మమ్మ ముందు నడుస్తోంది, కావాలనే వెనక్కి తిరిగి చూడకుండా.